కంపెనీ స్టీరియో తీయకుండా సౌండు బాగుచెయ్యడం: రాజోలు కారు ఒకటి, కేస్ స్టడీ

కారు 2022 మోడల్ కాంపాక్ట్ ఎస్‌యూవీ, పెట్రోల్. 7 అంగుళాల కంపెనీ టచ్ స్క్రీను, నాలుగు డోర్లలో నాలుగు స్పీకర్లు, ముందు అద్దాల మూలల్లో పై స్వరాలు పలికే రెండు చిన్న ట్వీటర్లు. తిరిగేది రాజోలు చుట్టుపక్కల చెరువు గట్ల మీద, వారానికి ఒకటి రెండుసార్లు 216 హైవే మీద కాకినాడ. యజమానికి రొయ్యల చెరువులున్నాయి కాబట్టి డిక్కీ ఎప్పుడూ ఖాళీ ఉండదు. మేత సంచులుంటాయి, లేకపోతే ఏరేటర్ సామాను, అదీ లేకపోతే ఎవరికో ఇవ్వాల్సిన కొబ్బరికాయలు. డిక్కీలో పెద్ద బాక్సు పెట్టే మాట అక్కడే పోయింది. ఆయన అడిగింది కూడా అది కాదు. "దడదడలాడక్కర్లేదండి. ఘంటసాల గారి గొంతు గొంతులా వినబడితే చాలండి. స్క్రీను మాత్రం తియ్యకండి."

స్క్రీను తియ్యొద్దనడంలో న్యాయం ఉంది. ఈ తరం కార్లలో అది ఒట్టి పాటలపెట్టె కాదు. వెనక కెమెరా, స్టీరింగ్ బటన్లు, డోర్ లాకు సెట్టింగులు, ఫోన్ మైకు అన్నీ దానితోనే ముడిపడి ఉంటాయి. బయటి స్టీరియో పెడితే ఇందులో ఏదో ఒకటి తెగుతుంది, వారంటీ సంగతి సరేసరి. అందుకని స్టీరియో నుంచి స్పీకర్లకి వెళ్లే వైర్ల దగ్గరే సిగ్నల్ అందుకుని, దాన్ని డీఎస్పీలో (సౌండుని అంకెల్లోకి మార్చి సరిదిద్దే డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్‌లో) సరిచేసి, విడి యాంప్లిఫయరుతో కొత్త స్పీకర్లకి ఇవ్వడం పద్ధతి. చెప్పడానికి ఒక్క వాక్యమే. పనికి రెండున్నర రోజులు పట్టింది, అందులో ఒక రోజు పూర్తిగా డోర్ల మీదే పోయింది.

పాత పని విప్పితే

ఈ కారుకి అంతకుముందే ఒక చోట ముందు స్పీకర్లు మార్చారు. మార్చాక సౌండు పెరిగింది గానీ బాస్ పోయిందని ఫిర్యాదు. దీనికి కారణం డోర్ విప్పకుండానే పట్టుకోవచ్చు. బ్యాలెన్స్ మధ్యలో ఉంచి బాస్ ఉన్న పాట పెట్టి, తర్వాత బ్యాలెన్స్ పూర్తిగా ఒక పక్కకి జరపాలి. ఒక స్పీకరు ఆగిపోయినా బాస్ పెరిగిందంటే రెండిట్లో ఒకదానికి ప్లస్ మైనస్ తిరగబడ్డాయి. ఒక కోను గాలిని ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది, కింది స్వరాలు ఒకదాన్నొకటి తినేస్తాయి. ఇక్కడ సరిగ్గా అదే జరిగింది.

డోర్ ప్యాడ్ విప్పాక ఎడమ స్పీకరే దోషి అని తేలింది. పరీక్ష సులువు: స్పీకరు వైర్లు స్టీరియో నుంచి పూర్తిగా విడదీసి, 1.5 వోల్ట్ల పెన్సిల్ సెల్లు ఒక్క క్షణం తాకించాలి. సెల్లు ప్లస్ స్పీకరు ప్లస్‌కి తగిలితే కోను బయటికి రావాలి. విడదియ్యకుండా ఈ పని చేస్తే స్టీరియో లోపల స్పీకర్లని నడిపే చిప్పుకి, అంటే ఐసీకి ముప్పు. ట్వీటరుకి అసలే చెయ్యకూడదు, సన్నటి కాయిలు దెబ్బతినొచ్చు.

ఈ ప్లస్ మైనస్ తిరగబాటు (ఫేజు) ఒక్కటే అయితే పది నిమిషాల పని. కింద ఇంకా ఉంది. స్పీకరు కింద వేసిన రింగు చెక్కపొడి అదిమి చేసిన ఎండీఎఫ్‌ది, రంగు కూడా వెయ్యలేదు. రెండు వానాకాలాలు చూసేసరికి టీలో ముంచిన బిస్కెట్టులా ఉబ్బి పొరలు పొరలుగా విచ్చుకుంది. స్క్రూలు చేత్తో లాగితే వచ్చేశాయి. వదులైన రింగు వెనక గాలీ ముందు గాలీ కలిసిపోతాయి, బాస్ పోవడానికి అది రెండో కారణం. కంపెనీ వైరు కోసి, కొత్త వైరు మెలేసి నల్ల టేపు చుట్టారు. ఎండకి టేపు జిగురు కారి ఊడిపోయి ఉంది, రాగి మీద పచ్చగా చిలుము. సముద్రం దగ్గరున్న ఊళ్లలో విప్పి ఉంచిన రాగి తీగ ఏడాదికే ఇలా అవుతుంది. ఉప్పుగాలికి నెమ్ము తోడైతే టేపు ఏం కాపాడుతుంది?

కోసిన వైర్లు రెండు పక్కలా తాజా రాగి కనిపించేదాకా కత్తిరించి, క్రింప్ చేసి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ స్లీవు వేసి మూసేశాం. ఈ స్లీవు మామూలు దానికంటే ఖరీదే, కానీ వేడి చేసినప్పుడు రెండు చివర్లా జిగురు బయటికి వచ్చి నీరు దూరకుండా బిగుసుకుంటుంది. మన తీరంలో డోర్ లోపలి జాయింట్లకి ఇంకోటి వాడకూడదు.

స్టీరియో ఇచ్చే సిగ్నల్

ముందు ఒక జాగ్రత్త. స్టీరియో లోపలి ఐసీ ప్రతి స్పీకరుకీ రెండు వైర్లనీ నడుపుతుంది. మైనస్ అని మనం పిలిచేది ఎర్త్ కాదు. పాట ఆడుతున్నా ఆగినా రెండిటి మీదా బ్యాటరీలో సగం, అంటే 6 నుంచి 7 వోల్ట్లు నిలబడి ఉంటుంది. ఆ మైనస్‌ని బాడీకి తాకిస్తే ఐసీ వేడెక్కి రక్షణలోకి వెళ్తుంది, అదృష్టం బాగోకపోతే పోతుంది. అందుకే కరెంటుతో నడిచే స్కోపు (సిగ్నల్ తరంగాన్ని తెర మీద చూపించే పరికరం) ఎర్త్ క్లిప్పు ఈ మైనస్‌కి పెట్టకూడదు. చేతిలో పట్టే బ్యాటరీ స్కోపు అయితే భయం లేదు.

పెన్ డ్రైవ్‌లో పూర్తి లెవెల్లో ఉన్న 1 కిలోహెర్ట్జ్ టోను వేవ్ ఫైలుగా పెట్టి, ఇంజన్ ఆన్ చేసి కొలిచాం. ఇంజన్ ఎందుకంటే, 12.4 వోల్ట్ల దగ్గర ఐసీ త్వరగా క్లిప్ అవుతుంది, అంటే ఇవ్వగలిగిన వోల్టేజీ అయిపోయి తరంగం తల తెగుతుంది, 14 దగ్గర ఇంకాస్త పైకి వెళ్తుంది. బ్లూటూత్ మీద ఈ కొలత చేస్తే ఫోను తన వాల్యూమ్ మధ్యలో దూరుస్తుంది. వాల్యూమ్ 31 దగ్గర 6.6 వోల్ట్లు, 32 దగ్గర 7.4, 33 దగ్గర 8.3. మెట్టుకి 12 శాతం చొప్పున పెరుగుతోంది. 34 దగ్గర 9.3 రావాలి, 8.8 దగ్గరే ఆగింది. స్కోపులో తరంగం తలలు చదునుగా కోసుకుపోయాయి. అంటే 40 వరకు ఉన్న వాల్యూమ్‌లో పనికొచ్చేది 33. స్కోపు లేనివాళ్లు కూడా మల్టీమీటరుతో ఈ మెట్టు లెక్క చూసి కనిపెట్టవచ్చు, ఎక్కడ లెక్క తప్పిందో అక్కడే క్లిప్పింగ్.

8.3 వోల్ట్లని 4 ఓమ్‌ల స్పీకరుకి లెక్కేస్తే 17 వాట్లు. ఇలాంటి స్టీరియోల మీద 50 వాట్లని రాసి ఉండటం మామూలే, అది గరిష్ఠం పేరుతో వేసిన అంకె. కొత్త యాంప్లిఫయరు ఛానలుకి నిజంగా 50 వాట్లు ఇస్తుంది. మరి 17 నుంచి 50కి పోతే ఎంత పెరిగినట్టు? 4.7 డెసిబెల్స్. చెవికి రెట్టింపు అనిపించేది 10 అయితే, ఇది సగం కూడా కాదు. యాంప్లిఫయరు కొన్నంత మాత్రాన కారు మారిపోతుందనుకునేవాళ్లకి ఈ లెక్క ముందే చూపిస్తే తర్వాత గొడవుండదు. తేడా వచ్చేది ఆ అంకె వల్ల కాదు. చిన్న స్పీకరు మీంచి బాస్ భారం దించడం వల్ల, డోర్ గాలి మూయడం వల్ల, వాయిస్ సరిచెయ్యడం వల్ల వస్తుంది.

ఆ తర్వాత పింక్ నాయిస్ (అన్ని స్వరాలూ కలిసిన పరీక్ష హోరు) పెట్టి, ఈక్వలైజరు అంతా సున్నా చేసి, వేగాన్నిబట్టి సౌండు పెంచే ఆప్షన్ ఆపి, స్పీకరు వైర్ల దగ్గరే సిగ్నల్ రూపం చూశాం. వాల్యూమ్ 10 దగ్గర 60 హెర్ట్జ్, 1 కిలోహెర్ట్జ్ కన్నా 9 డెసిబెల్స్ ఎక్కువుంది. 20 దగ్గర 6 ఎక్కువ. 30కి వచ్చేసరికి తేడా ఒక్క డెసిబెల్. చిన్న స్పీకర్లు చిరిగిపోకుండా కంపెనీ పెట్టుకున్న ఏర్పాటు ఇది: సౌండు పెంచేకొద్దీ బాస్ దించేస్తుంది. స్టీరియో ఉంచుకుని పని చెయ్యడంలో అసలు చిక్కు ఇదే. డీఎస్పీ ఒక వాల్యూమ్ దగ్గర మాత్రమే దీన్ని సరిచెయ్యగలదు, ఎందుకంటే వాల్యూమ్ ఎక్కడుందో దానికి తెలియదు.

దీనికి రెండు దారులున్నాయి. స్టీరియోని 30 దగ్గర వదిలేసి, డీఎస్పీతో వచ్చే గుబ్బతో సౌండు తగ్గించి పెంచుకోవడం ఒకటి. సౌండు పరంగా ఇదే మేలు. కానీ స్టీరింగ్ బటన్లు ఉత్తవైపోతాయి, గట్టు మీద ఎదురుగా ట్రాక్టరు వస్తున్నప్పుడు గుబ్బ కోసం వెతుక్కోవాలి. పైగా ఫోన్ కాల్ వచ్చినా, రివర్స్ బీప్ వచ్చినా 30 స్థాయిలో మోగుతుంది. రెండోది, ఆయన మామూలుగా వినే 22 నుంచి 28 మధ్యలో 25 దగ్గర ట్యూన్ చేసి, గుబ్బని బాస్ మాత్రమే పలికే సబ్ వూఫర్ ఒక్కదానికే కేటాయించడం. తక్కువ సౌండులో బాస్ కొంచెం ఎక్కువగా, పెద్ద సౌండులో కొంచెం తక్కువగా ఉంటుంది. ఈ కారుకి రెండోదే పెట్టాం.

ఇంకో సంగతి కూడా ఇక్కడే బయటపడింది. ముందు స్పీకర్లు తీసేసి వైర్లు డీఎస్పీకి ఇవ్వగానే ముందు ఛానళ్లు మూగబోయాయి. డీఎస్పీ ఇన్‌పుట్ స్పీకరులా కరెంటు లాగదు కాబట్టి, స్పీకరు లేదని స్టీరియో తీర్మానించి ఛానలు ఆపేసింది. ఒక్కో ఛానలు ప్లస్ మైనస్‌ల మధ్య 47 ఓమ్‌లు, 10 వాట్ల రెసిస్టరు వేస్తే తిరిగి పలికింది. గరిష్ఠంగా దానిమీద వచ్చే వేడి వాటున్నర కూడా ఉండదు, అయినా గుడ్డకీ స్పాంజికీ తగలకుండా డ్యాష్‌బోర్డు లోపలి ఇనుప పట్టీకి కట్టాం.

సామాను

ఛానలుకి 50 వాట్ల 4 ఛానళ్ల యాంప్లిఫయరు, అందులోనే డీఎస్పీ, స్పీకరు వైర్లని నేరుగా తీసుకునే ఇన్‌పుట్, సబ్ వూఫరుకి సిగ్నల్ తీగ తగిలించే సాకెట్‌గా విడిగా ఆర్‌సీఏ అవుట్‌పుట్. ముందుకి ఆరున్నర అంగుళాల కాంపోనెంట్ జత (డోర్ స్పీకరు, ట్వీటరు విడివిడిగా ఉండేది). ఎడమ సీటు కింద 8 అంగుళాల యాక్టివ్ (యాంప్లిఫయరు లోపలే ఉండే) సబ్ వూఫర్, 150 వాట్లు. వెనక డోర్ స్పీకర్లు ముట్టుకోలేదు, అవి స్టీరియో మీదే నడుస్తున్నాయి. వెనక కూర్చున్నవాళ్లకి అది చాలు, ముందు వెనక స్పీకర్ల మధ్య సౌండు పంచే ఫేడరు మూడు గీతలు ముందుకి జరిపితే డ్రైవరు చెవికి అడ్డం రావు. మొత్తం సామాను దాదాపు 42 వేలు అయింది, అందులో రేకు వణుకు ఆపే డ్యాంపింగు షీటు, వైర్లు, లగ్గులు, ఫ్యూజులకే 7 వేలు. ఆ 7 వేల దగ్గర బేరమాడేవాళ్లే ఎక్కువ.

స్టీరియో వెనక ఒక్క వైరు కూడా కొయ్యలేదు. ఆ కారుకి సరిపడే ఆడ, మగ కప్లర్లు తెచ్చి మధ్యలో దూరే చిన్న హార్నెస్ కట్టాం. రేపు సర్వీసు సెంటరులో చూపించాల్సి వస్తే రెండు కప్లర్లు పీకి పాతవి కలిపేస్తే చాలు.

డోర్లు

ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా దండగ. డోర్ అంటే స్పీకరు పెట్టె. రేకు వణుకుతూ, లోపలి రేకులో చేయి పట్టేంత కన్నాలుంటే ఎంత మంచి స్పీకరైనా డబ్బా మీద కొట్టినట్టే మోగుతుంది.

కంపెనీ వేసిన పల్చటి ప్లాస్టిక్ షీటు జాగ్రత్తగా వేడి గాలితో విడదీశాం. బయటి రేకు లోపలి వైపు ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచాం. చెరువు గట్ల దుమ్ము, పైన నూనె పొర కలిసి బురదలా వచ్చింది. ఆ పొర మీద షీటు అంటిస్తే నెలకే జారుతుంది. 2 మిల్లీమీటర్ల బ్యుటైల్ షీటు బయటి రేకులో సగం మేర, మధ్యలో ఎక్కడ వేలితో కొడితే డబ్బాలా మోగుతుందో అక్కడ, రోలరుతో నొక్కి వేశాం. పైన అల్యూమినియం మీది గళ్లు చదునైపోయేదాకా నొక్కాలి. రేకంతా కప్పేస్తే బరువు పెరుగుతుంది తప్ప లాభం అంత పెరగదు. రెండు డోర్లకీ లోపలా బయటా కలిపి 1.8 చదరపు మీటర్లు పట్టింది, బరువు సుమారు 6 కేజీలు. తక్కువ ధరకి దొరికే తారు షీట్లు ఈ ప్రాంతానికి పనికిరావు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మూసిన కారు డోర్‌లో తారు మెత్తబడి అద్దం మీదికి జారుతుంది, కారంతా రోడ్డేస్తున్నప్పటి వాసన.

లోపలి రేకులో పెద్ద కన్నం ఉంటుంది, అద్దం మోటారు పోతే చేయి పెట్టేది అందులోంచే. దాన్ని షీటుతో శాశ్వతంగా మూసేస్తే మోటారు మార్చే మెకానిక్ మనల్ని తిట్టుకుంటాడు, షీటు కోసి పారేస్తాడు కూడా. 3 మిల్లీమీటర్ల ఏబీఎస్ ప్లాస్టిక్ పలక కన్నం సైజుకి కోసి, ఆరు స్టెయిన్‌లెస్ స్క్రూలతో బిగించి, అంచుల్లో బ్యుటైల్ తాడు పెట్టాం. విప్పి మళ్లీ పెట్టుకోవచ్చు.

డోర్ అడుగున నీరు పోయే కన్నాలు నాలుగుంటాయి. అద్దం మీద పడిన వాన డోర్ లోపలికి దిగి వీటిగుండానే బయటికి పోతుంది. షీటు ముక్క గానీ ఊడిన జిగురు గానీ వీటికి అడ్డుపడితే డోర్ చెరువవుతుంది, ఏడాది తిరిగేసరికి అంచు తుప్పు. పని అయ్యాక అద్దం మీద చెంబుతో నీళ్లు పోసి, నాలుగు కన్నాల్లోంచీ బొట్లు పడుతున్నాయో లేదో చూడాలి. ఇక్కడ కుడి డోర్‌లో ఒక కన్నం పాత మట్టితో బిగిసి ఉంది, కేబుల్ టై పెట్టి పొడిస్తే అరచెంచా బురద వచ్చింది. ప్యాడ్ వెనక శబ్దం తగ్గించడానికి జనపనార, దూది లాంటివి కూడా వద్దు, నీరు పీల్చి బూజు పడతాయి. నీరు పీల్చని మూసిన కణాల స్పాంజి మాత్రమే వెయ్యాలి.

రింగులు 15 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ పలకలోంచి కోశాం. వంటింట్లో కూరగాయలు తరిగే తెల్ల పలక ఉంటుందే, అదే సరుకు. నీటికి ఉబ్బదు, స్క్రూ పట్టు వదలదు. లోతు ముందే కొలుచుకోవాలి. అద్దం పూర్తిగా దించి చూస్తే రేకు నుంచి అద్దానికి 58 మిల్లీమీటర్లు, రింగు 15 కలిపితే 73. స్పీకరు లోతు 64. తొమ్మిది మిగిలింది, చాలు. ముందువైపు ప్యాడ్ జాలీ స్పీకరు అంచుకి తగులుతుందా అన్నది కంటికి కనబడదు. చపాతీ పిండి ముద్ద చిన్నది అంచు మీద పెట్టి, ప్యాడ్ బిగించి, మళ్లీ తీసి ఆ పిండి మందం చూడాలి. 6 మిల్లీమీటర్లు వచ్చింది. ఆ సందులో స్పాంజి వలయం పెడితే శబ్దం ప్యాడ్ వెనక్కి పోకుండా జాలీలోంచే బయటికొస్తుంది.

ట్వీటర్లు కంపెనీ చోటే, అద్దం మూల త్రికోణపు ప్లాస్టిక్ ముక్కలోనే పెట్టాం. ముందు స్తంభం మీద పెడితే పాట ఎదురుగా వేదిక మీద పాడినట్టు ఇంకా బాగుంటుందని కొందరంటారు. కర్టెన్ ఎయిర్‌బ్యాగు ఉన్న కారులో ఆ స్తంభం మీద ఏదీ బిగించకూడదు, దానిమీదుగా వైరు కూడా లాగకూడదు. సీటు కింద పసుపు రంగు కప్లర్లు కూడా ఎయిర్‌బ్యాగువే, వాటి జోలికి పోనక్కర్లేదు.

కరెంటు

యాంప్లిఫయరు 200 వాట్లు, సబ్ 150 వాట్లు. సామర్థ్యం 80 శాతం అనుకుని 13.8 వోల్ట్లతో భాగిస్తే మొత్తం దాదాపు 32 ఆంపియర్లు. పాటకి ఇంత ఎడతెగకుండా లాగదు, అయినా వైరు లెక్క దీనికే వెయ్యాలి. 8 గేజీ అచ్చమైన రాగి వైరు 5 మీటర్లు వాడితే ఈ కరెంటుకి మూడోవంతు వోల్టు పడిపోతుంది. రాగి పూత అల్యూమినియం వైరు అయితే అర వోల్టు. నష్టం కన్నా మన దగ్గర దాని పెద్ద జబ్బు వేరు. కోసిన చివర ఉప్పుగాలికి తెల్లటి పొడి పడుతుంది, లగ్గు వేడెక్కుతుంది. కొనేటప్పుడు ఒక పోగు బ్లేడుతో గీకి చూస్తే చాలు, లోపల వెండిరంగు ఉంటే తిరిగిచ్చెయ్యాలి.

బ్యాటరీ నుంచి 30 సెంటీమీటర్లలో 40 ఆంపియర్ల ఫ్యూజు. ఫ్యూజు యాంప్లిఫయరుని కాపాడటానికి కాదు, వైరు ఎక్కడైనా రేకుకి ఒరిసి షార్ట్ అయితే కారు తగలబడకుండా ఉండటానికి. అందుకే అది బ్యాటరీ దగ్గరే ఉండాలి. ఇంజన్ గదిలోంచి లోపలికి వచ్చేచోట రబ్బరు గ్రామెట్‌లోంచే తీసి, వైరు అక్కడ కిందికి వంగేలా ఒక వంపు ఇచ్చాం. వైరు పట్టుకుని నీరు లోపలికి జారకుండా, వంపు దగ్గరే బొట్టై పడిపోవడానికి.

బ్యాటరీ మైనస్ మీద చిన్న సెన్సర్ ఉన్న కార్లలో యాంప్లిఫయరు ఎర్త్ ఆ మైనస్ గుబ్బకి నేరుగా ఇవ్వకూడదు, లెక్క తప్పుతుంది. బాడీకే ఇవ్వాలి. సీటు బోల్టు కింద లగ్గు దూర్చడం చాలాచోట్ల చూస్తాం. అది ప్రాణాలకి సంబంధించిన బోల్టు, దానికి పెయింటూ ఉంటుంది. విడిగా చోటు చూసుకుని, పెయింటు నాణెమంత మేర గీకి, పళ్ల వాషరుతో బిగించి, పైన ప్రైమరు, దానిపైన వాజిలిన్ పూశాం. గీకిన చోటు అలాగే వదిలేస్తే తుప్పుకి ఆరు నెలలు చాలు.

యాంప్లిఫయరు డ్రైవరు సీటు కింద 12 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ ముక్కల మీద ఎత్తి పెట్టాం. చెరువులో దిగిన కాళ్లతో కారెక్కేవాళ్ల కార్పెట్ కింద స్పాంజి ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

తేలిన రెండు తప్పులు

స్టార్ట్ చెయ్యగానే సన్నటి కూత వచ్చింది, యాక్సిలరేటరు తొక్కితే స్వరం పెరుగుతుంది. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటరు కూత ఇది. ఇక్కడ ఫిల్టర్ కొని తగిలించడం తేలిక, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. ఒక్కొక్కటీ విడదీసి చూడాలి. స్టీరియో మ్యూట్ చేసినా కూత ఉంది, కాబట్టి స్టీరియోది కాదు. యాంప్లిఫయరు ఇన్‌పుట్ పీకినా ఉంది. సబ్ ఆర్‌సీఏ పీకగానే ఆగింది. సబ్ ఎర్త్ ఎడమ పక్క రేకుకి, యాంప్లిఫయరు ఎర్త్ కుడి పక్క రేకుకి ఇచ్చాం. రెండు చోట్ల మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఆర్‌సీఏ మైనస్ గుండా తిరుగుతోంది. సబ్ ఎర్త్ తెచ్చి యాంప్లిఫయరు బోల్టుకే కలిపితే కూత పోయింది. పది అడుగుల వైరు ఆదా చేద్దామని చేసిన తప్పు, పూటంతా తినేసింది.

రెండోది వారం తర్వాత బయటపడింది. కారు రెండున్నర రోజులు కదలకపోతే స్టార్ట్ అవలేదు. మైనస్ తీగలో మీటరు వరసగా పెట్టి, డోర్లు మూసి, కారు నిద్రపోవడానికి 40 నిమిషాలు ఆగితే 0.65 ఆంపియర్లు చూపించింది. యాంప్లిఫయరు ఫ్యూజు పీకితే 0.03. రెండున్నర రోజులకి 39 ఆంపియర్ అవర్లు, బ్యాటరీ 45ది. యాంప్లిఫయరు స్పీకరు వైర్ల మీది డీసీ చూసి తనంతట తను ఆన్ అయ్యే పద్ధతిలో ఉంది. స్టీరియో ఆరినా వైర్ల మీద కొంచెం వోల్టేజీ మిగిలిపోతోంది, దాన్ని చూసి ఇది మేల్కొనే ఉంటోంది. ఆ పద్ధతి ఆపేసి, ఛార్జింగ్ సాకెట్ ఫ్యూజు దగ్గర ఫ్యూజు ట్యాప్ పెట్టి 2 ఆంపియర్ల ఫ్యూజుతో రిమోట్ వైరు ఇచ్చాం. తాళం తీస్తే ఆరిపోతుంది. తాళం పెట్టగానే స్టీరియో చేసే టప్ మన్న శబ్దం వినబడకుండా డీఎస్పీలో 3 సెకన్ల ఆలస్యం పెట్టాం. ఆటోమేటిక్ ఆన్ పద్ధతి వాడేవాళ్లు అప్పగించేముందు ఈ నిద్ర కరెంటు కొలవకపోతే, ఫోను వచ్చేది తెల్లవారుజామున చెరువు గట్టు మీంచే.

ట్యూనింగ్

ట్వీటరుకి 3 కిలోహెర్ట్జ్ పైన, డోర్ స్పీకరుకి 80 హెర్ట్జ్ నుంచి 3 కిలోహెర్ట్జ్, సబ్‌కి 80 కింద, హద్దు దాటాక అన్నీ ఆక్టేవుకి (హెర్ట్జ్ అంకె రెట్టింపో సగమో అయినప్పుడల్లా) 24 డెసిబెల్స్ చొప్పున తగ్గే వాలు. ట్వీటరు నేరుగా యాంప్లిఫయరుకి కలిసింది కాబట్టి ప్లస్‌లో 47 మైక్రోఫారడ్ కెపాసిటరు వరసగా వేశాం. 4 ఓమ్‌లకి అది 850 హెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, ట్యూనింగుకి అడ్డురాదు. ల్యాప్‌టాప్‌లో ఎవరైనా పొరపాటున ఈ హద్దులు (క్రాసోవర్) చెరిపేసినా ట్వీటరు బతుకుతుంది.

డ్రైవరు తల నుంచి టేపుతో దూరాలు: ఎడమ డోర్ 142 సెంటీమీటర్లు, కుడి డోర్ 92, ఎడమ ట్వీటరు 128, కుడి ట్వీటరు 85. మన ఎండలో శబ్దం మిల్లీసెకనుకి దాదాపు 35 సెంటీమీటర్లు పోతుంది. దూరమైన ఎడమ డోర్‌కి సున్నా ఇచ్చి, కుడి డోర్‌కి 1.43, ఎడమ ట్వీటరుకి 0.40, కుడి ట్వీటరుకి 1.63 మిల్లీసెకన్ల ఆలస్యం. సబ్‌కి టేపు లెక్క పనికిరాదు, దాని లోపలి ఫిల్టర్ తనే ఆలస్యం చేస్తుంది. 80 హెర్ట్జ్ టోను పెట్టి, ఫేజు మీట అటూ ఇటూ వేసి, ఆలస్యం మారుస్తూ ఎక్కడ గట్టిగా వినబడితే అక్కడ వదిలేశాం. ఈ కారులో సున్నా దగ్గర కుదిరింది.

సరిపోయిందో లేదో చూడటానికి ఘంటసాల పాత పాటలే ఉపయోగపడ్డాయి. 1950ల నాటి రికార్డింగులు మోనో, రెండు ఛానళ్లలోనూ ఒకటే సిగ్నల్. కాబట్టి గొంతు డ్యాష్‌బోర్డు మధ్యలో ఒక్కచోటే నిలబడాలి. మొదట్లో కుడి చేతి పక్కన అద్దం దగ్గర వినబడేది. ఆలస్యాలు వేశాక మధ్యకి వచ్చింది గానీ "స", "శ" అక్షరాలు మాత్రం ఇంకా కుడివైపుకే లాగుతున్నాయి. కుడి ట్వీటరు 2.5 డెసిబెల్స్ దించితే అవీ గొంతుతో కలిశాయి. రెండు ఛానళ్లలో వేరువేరు సిగ్నల్ ఉండే పాట పెట్టి ఎంత విన్నా ఈ లోపం ఇంత తేటగా పట్టుబడదు.

ఈక్వలైజరులో పెంచింది ఏదీ లేదు, అన్నీ తగ్గింపులే. 180 హెర్ట్జ్ దగ్గర డోర్ బుర్రుమంటే 4 తగ్గించాం, 2.8 కిలోహెర్ట్జ్ దగ్గర అద్దం మీంచి తిరిగొచ్చే గరుకుకి 3. ఆ రెండిటితోనే గొంతు విడివడింది. 70 హెర్ట్జ్ దగ్గర ఉన్న గుంట పెంచినా నిండలేదు. అది కారు ఆకారం వల్ల వచ్చేది, ఎంత కరెంటు పోసినా అక్కడ మిగలదు, వదిలేశాం. చివర్లో 30 నుంచి 200 హెర్ట్జ్ వరకు టోను నెమ్మదిగా నడిపితే ఎడమ డోర్ లాకు కడ్డీ, వెనక నంబరు ప్లేటు గిలగిలలాడాయి. కడ్డీకి స్పాంజి టేపు, ప్లేటు వెనక రబ్బరు ముక్కలు.

వానల తర్వాత

అక్టోబరులో మళ్లీ తెప్పించి రెండు డోర్లూ విప్పాం. రింగులు పెట్టినట్టే ఉన్నాయి, జాయింట్లలో చిలుము లేదు, ఎర్త్ బోల్టు చుట్టూ వాజిలిన్ నల్లబడింది గానీ కింద రేకు మెరుస్తోంది. ఎడమ ప్యాడ్ క్లిప్పులు మూడు విరిగి కొత్తవి వేశాం. బ్యుటైల్ తాడు ఒకచోట రెండు అంగుళాలు వదులైంది, నొక్కి పైన ముక్క వేశాం.

ఆయన మాత్రం వేరే మాటతో వచ్చారు. "నెల్రోజుల్నించి గొంతు బొంగురుగా ఉందండి." డీఎస్పీలో ఏమీ మారలేదు. స్టీరియోలో చూస్తే సర్వీసులో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసినప్పుడు సౌండు సెట్టింగులన్నీ కంపెనీ స్థితికి వెళ్లిపోయాయి: బాస్ ప్లస్ 3, ఫేడరు మధ్యలో, వేగాన్నిబట్టి సౌండు పెరగడం మళ్లీ ఆన్. అన్నీ తిరిగి సరిచేసి, స్క్రీను మీది ఆ మూడు పేజీలూ ఫోటో తీసి ఆయన ఫోనుకి పంపాం. ప్రింటు ఒకటి సన్ వైజర్ వెనక పెట్టాం, కారు ఇంట్లో అబ్బాయి కూడా తీస్తాడట.